ద్వారపాలకుడి వాంగ్మూలం

త్రినాథరావు గారికి ఒకటే జబ్బు. నాటకంలో గానీ నవలలో గానీ ఉపన్యాసంలో గానీ ఒక మనిషి తగిలితే చాలు, ఆ మనిషి మీద ఎంక్వైరీ పెట్టేదాకా ఆయనకు అన్నం సయించదు. నాటకం చూసి ఏడవడం, నవల చదివి నిట్టూర్చడం, ఉపన్యాసం విని చప్పట్లు కొట్టడం మామూలు జనం చేసే పనులు. ఆయన మాత్రం కళ్లజోడు ముక్కు చివరికి దించి, "ఇది ఎలా జరిగింది? ఎవరు చూశారు? అప్పుడు తమరెక్కడ నిలబడ్డారు?" అని మొదలెట్టేవారు.

అందులో ఆయన నేరం సగమే. బిలాస్‌పూర్ రైల్వే ట్రాఫిక్ ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా ఆయన ఎంక్వైరీ గుమాస్తా. ఎక్కడ బండి పట్టాలు దిగినా దొర విచారణకు కూర్చుంటాడు. పక్కనే స్టూలు మీద త్రినాథరావు గారు కూర్చుని, మన వైపు నుంచి వలసొచ్చిన చదువురాని జనం తెలుగులో చెప్పిన వాంగ్మూలాన్ని ఇంగ్లీషులో రాస్తారు. పొద్దస్తమానం అదే పనైతే వంటవాడి ఒంటికి పోపు వాసన పట్టినట్టు ఎంక్వైరీ పట్టకుండా ఎలా ఉంటుంది?

ఒక ఏడాది దసరా నాటకంలో మహారాణికి విషం పెట్టే ఘట్టం వచ్చింది. మహారాణి పాలు తాగి ఒరిగిపోయింది. ఆడవాళ్లు కొంగులు నోట కుక్కుకున్నారు. ముందు వరసలోంచి త్రినాథరావు గారు గొడుగెత్తి లేచారు.

"ఆగండాగండి! పాలగ్లాసు తెచ్చిందెవరు?"

హార్మోనియం ఆగిపోయింది. చచ్చిపోయిన మహారాణి ఒక కన్ను తెరిచి, "చెలికత్తె బాబూ" అంది. మహారాణి అంటే లోకో షెడ్డులో ఫైర్‌మన్ సింహాచలం. రాణి వేషం కోసం ఏటా మీసం తీయించుకుని, మళ్లీ మొలిచేదాకా ఇల్లు కదలడానికి సిగ్గుపడే మనిషి.

"మంత్రి పెట్టమన్నట్టు ఎవరైనా విన్నారా? మంత్రి మీసాలు చూసి మీరే తీర్పు చెప్పేశారా?"

ఆ ఏడు మంత్రికి శిక్ష పడేసరికి తెల్లవారింది.

నవలలతో ఇంకో గొడవ. లైబ్రరీ నుంచి తెచ్చిన నవల రెండు నెలలైనా తిరిగి ఇచ్చేవారు కాదు. ప్యూను వస్తే గుమ్మంలోంచే, "ఎంక్వైరీ పెండింగులో ఉంది" అనేవారు. నాయిక ఏట్లో దూకిందని రాశాడే గానీ అది ఏ నెలో రాయలేదట. వేసవైతే మోకాల్లోతు కూడా ఉండదు కదా అని ఆయన బాధ. భార్య అచ్చియమ్మ గారు వంటింట్లోంచి, "ఆ పిల్ల ఎలాగో గట్టెక్కిందిట, మీరు భోజనానికి లేవండి!" అని అరిచేది.

ఉపన్యాసాలనూ వదల్లేదు. ఒక దొర బదిలీ మీద వెళ్తూ, "మీరంతా నా బిడ్డలు" అని గొంతు పూడుకుపోయేలా మాట్లాడాడు. అందరూ కళ్లు తుడుచుకుంటుంటే త్రినాథరావు గారు కాగితం మీద గీతలు గీసుకున్నారు. బయటకి రాగానే లెక్క చెప్పారు. "'నేను' అన్న మాట నలభై ఒక్కసార్లు. బిడ్డలు అన్నది మూడుసార్లు. బిడ్డల్లో ఒక్కడి పేరు కూడా ఎత్తలేదు. గమనించారేటి?"

ఈ జబ్బుకు అందరికన్నా ఎక్కువగా బలైపోయినవాడు అప్పలస్వామి. బొబ్బిలి పక్క పల్లె నుంచి పదహారేళ్ల కిందట వచ్చి యార్డులో కాంటావాలాగా కుదిరాడు. పట్టాలు రెండుగా చీలేచోటును కాంటా అంటారు. అక్కడున్న బరువైన ఇనప పిడిని ఎత్తి అవతలికి వేసి, బండి ఏ లైనులోకి పోవాలో ఆ లైను కలపడం అతని పని. మనిషి ఎద్దులాంటి బలశాలి. పెద్దవాళ్ల ముందు నిలబడితే మాత్రం నోట్లో నాలుక ఉండదు.

నాటక సమాజంలో అతనిది ద్వారపాలకుడి వేషం. తొమ్మిదేళ్లుగా సమాజం వాళ్లు మధ్యలో ఏ నాటకం ఆడినా దసరా చివరి రోజున 'రణధీర విజయం' ఆడి తీరాల్సిందే. కథ చిన్నది. రణధీర మహారాజు వేట నుంచి వస్తూ కోట తలుపు తియ్యమంటాడు. ద్వారపాలకుడు తీస్తాడు. ఆ సందులో శత్రువులు జొరబడి కోట పట్టుకుంటారు. రాజు కోట తిరిగి గెలిచి, మూడు పేజీల వాచకం చెప్పి ద్వారపాలకుడి తల తీయిస్తాడు. రాజు వేషం యార్డులో వ్యాగన్లు నెట్టించే షంటింగ్ మాస్టర్ శంకరరావుది. ఆయన గొంతు విప్పితే అవుటర్ సిగ్నల్ దాకా వినిపిస్తుందని ప్రతీతి. ఆ వాచకానికి ఏడవనివాడు లేడు, త్రినాథరావు గారు తప్ప.

ఆయన లెక్కలో ఆ కేసు తొమ్మిదేళ్లుగా తేలలేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే రిహార్సల్‌కి ముందు రైల్వే వాళ్ల క్లబ్బు ఇన్‌స్టిట్యూట్ వరండాలో సుద్దముక్కతో కోట గీసి, వేషగాళ్లను కూర్చోబెట్టి ప్రశ్నలు వేసేవారు. వేషగాళ్లంటే ఎవరు? కాంటావాలాలు, ఫైర్‌మన్లు, గ్యాంగ్‌మన్లు, దీపాలు తుడిచేవాళ్లు.

"వొరే ద్వారపాలకా! తలుపెందుకు తీశావు?"

"తప్పే బాబూ," అన్నాడు అప్పలస్వామి.

"తాగు!"

ఇది త్రినాథరావు గారి శాసనం. అడగనిదానికి జవాబు చెప్పినవాడు గ్లాసుడు నీళ్లు తాగాలి. మన వైపు జనానికి పెద్దల ముందు నోరు తెరిస్తే ముందు వచ్చే మాట 'తప్పే బాబూ'. ఆలస్యమైతే తప్పే. కాలు తగిలితే తప్పే. అవతలివాడు వచ్చి మన కాలు తొక్కినా తప్పే. అది ఒప్పుకోలు కాదు, మర్యాద. దండం పెట్టడంలాంటిదే. ఆ మర్యాద పుణ్యాన అప్పలస్వామి ఒక్క ఆదివారం ఏడు గ్లాసులు తాగి, ఎనిమిదోది తాగలేక గోడ దూకి పారిపోయాడు.

"నిన్ను తప్పెవరిదని అడిగానా? తలుపెందుకు తీశావని కదేటి అడిగాను!"

"రాజు గోరు తియ్యమన్నారు బాబూ. ఆడు పాడు రాజు బాబూ."

"తాగు! రాజు మంచోడో చెడ్డోడో తేల్చడానికి నువ్వెవడివి? ఏటన్నాడు, ఎప్పుడన్నాడు, అంతే చెప్పు. రాణీ! నువ్వేటి చూశావు?"

సింహాచలం సర్దుకు కూర్చున్నాడు. "సత్రువులు ద్వారంలోంచి జొరబడ్డం సూసినాను బాబూ."

"నీ కిటికీ ఏ వైపుంది?"

"తూరుపు బాబూ."

"ద్వారం?"

"పడమర."

"తాగు! చూసింది చెప్పు. చూడంది చూళ్లేదని చెప్పు. అనుకున్నది మాత్రం చెప్పకు."

అప్పలస్వామికి ఒళ్లు మండేది. "ఆడు నాటకంలోవోడు కదేటి బాబూ. ఆడెలాగ సస్తే మనకేటి?" అని ఒకసారి తెగించి అడిగాడు.

"వాడి తల పోయిందిరా!" అన్నారు త్రినాథరావు గారు, సొంత తమ్ముడు పోయినట్టు. "మూడు పేజీలు రాజే మాట్లాడాడు. తల పోయినవాడికి ఒక్క ముక్కే ఇచ్చారు. ఆ ముక్క కూడా తప్పే ప్రభూ అనేనేటి?"

ఇలా నవ్వుకుంటూ, నీళ్లు తాగుకుంటూ నడిచిపోతున్న రోజుల్లో అప్పలస్వామి నెత్తిన పిడుగు పడింది.

దసరా పన్నెండు రోజులుందనగా సోమవారం పొద్దున్న దగ్గర్లోని కోటా అడవుల నుంచి వచ్చిన దుంగల వ్యాగన్లను నాలుగో లైనులోకి నెడుతున్నారు. పద్ధతి ప్రకారం కాంటావాలా కాంటా పూర్తిగా వేసి పచ్చజెండా చూపాలి. అది చూసి షంటింగ్ మాస్టర్ ఇంజను వాడికి చెయ్యి ఊపాలి. ఆ పొద్దున శంకరరావు "నాలుగు! నాలుగు!" అని అరిచాడు. అప్పలస్వామి జెండా చంకన పెట్టుకుని పిడి ఎత్తాడు. పిడి సగంలో ఉండగానే ఇంజను కూతపెట్టి నెట్టింది. ముందు వ్యాగన్ ఒక దారి పట్టింది, వెనకది ఇంకో దారి పట్టింది. రెండూ ఒరిగిపోయి దుంగలు యార్డంతా దొర్లాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ దొర కారులో వచ్చి చూసి వెళ్లాడు.

సాయంత్రానికల్లా శంకరరావు రాసి ఇచ్చేశాడు. కాంటావాలా పచ్చజెండా ఊపాడనీ, తాను కళ్లారా చూశాకనే ఇంజనుకు చెయ్యి ఊపాననీ. గురువారం పదింటికి ఎంక్వైరీ. అంతదాకా అప్పలస్వామికి డ్యూటీ లేదు. తప్పు అతనిదని తేలితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతోపాటు క్వార్టరూ పోతుంది. పదిహేను రోజుల్లో చట్టీ కుండా నెత్తిన పెట్టుకుని భార్యనూ కూతురు చిన్నమ్మినీ వెంటేసుకుని ఎటో నడవాలి.

భార్య అప్పలనర్సమ్మ పొయ్యి వెలిగించలేదు. మోకాళ్ల మీద గడ్డం ఆనించి కూర్చుంది.

"నువ్వు జెండా ఊపినావా మావా?"

"నేదే! పిడి ఎత్తుతున్నాను. ఊపడానికి నాకు మూడో సెయ్యుందేటి?"

"మరి అలగని సెప్పు."

"శంకర్రావు బాబు ఊపినాడంతన్నాడు. ఆయన మాట ముందల నా మాట నెగ్గుద్దేటి?"

క్వార్టర్ల లైనంతా తలా ఒక సలహా ఇచ్చింది. చిత్రమేమిటంటే అందరిదీ ఒకటే సలహా. వెళ్లగానే దొర కాళ్ల మీద పడిపో. తప్పైపోయిందను. దొరలకు దయ ఉంటుంది. పిల్లదాని మొహం చూసి ఒగ్గేస్తారు. అప్పలనర్సమ్మకు కూడా అదే నచ్చింది. "తప్పని ఒప్పేసుకో మావా. ఒంగినోడి ఈపు మీద ఎవడూ కొట్టడు," అంది. ఆలోచించిన కొద్దీ అప్పలస్వామికీ అదే దారి కనిపించింది.

అయినా మంగళవారం సాయంత్రం త్రినాథరావు గారి ఇంటికి వెళ్లాడు. మనవైపు మనిషి. విచారణలో కాగితం రాసేది ఆయనే. ఒక మంచి మాట రాయరా?

త్రినాథరావు గారు తలుపు తీసి, అతన్ని చూసి, మొహం మీదే తలుపు వేసేశారు.

"విచారణయ్యేదాకా గుమాస్తా ముద్దాయితో కేసు సంగతి మాట్లాడకూడదు. రూలు. ఫో!"

అప్పలస్వామి మెట్ల మీదే కూలబడ్డాడు. కాసేపటికి కిటికీ తెరుచుకుంది.

"నాటకం సంగతైతే రావచ్చు."

లోపలికి పిలవడానికి అదొక సాకేమోనని అప్పలస్వామి ప్రాణం లేచొచ్చింది. వెళ్లి కూర్చుంటే ఆయన నిజంగానే నేల మీద సుద్దతో కోట గీశారు!

"తలుపు పూర్తిగా తెరిచాక ద్వారపాలకుడు శంఖం ఊదాలి. ఆ శంఖం విన్నాకనే రథం కదలాలి. ఇది కోట ఆచారం. నాటకం మొదటి పేజీలోనే ఉంది. ఇప్పుడు చెప్పు. తలుపు తీసేటప్పుడు వాడి చేతులెక్కడున్నాయి?"

"నాకేటి తెలుసు బాబూ..."

"ఆలోచించు."

రెండు గంటలు. చేతులెక్కడ, శంఖమెక్కడ, రాజెక్కడ, రథమెక్కడ. పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం. బుధవారం సాయంత్రం కూడా కబురు పెట్టారు. అదే కోట, అవే ప్రశ్నలు. అప్పలస్వామికి ఇక ఓపిక చచ్చిపోయింది. జీవితంలో మొదటిసారి ఒక పెద్దమనిషి ముందు గొంతెత్తాడు.

"నా కొంప కూలిపోతన్నాది బాబూ! రేపీ యేళకి నాను వీధిలో ఉంతాను. మీకు ఆ నాటకవేనా? ఆ ద్వారపాలకుడు ఎప్పుడో సచ్చిపోనాడు. నానింకా బతికే ఉన్నాను!"

త్రినాథరావు గారి చేతిలోని సుద్దముక్క విరిగింది. కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "శంఖం ఊదాడా లేదా?" అన్నారు.

అప్పలస్వామి దండం పెట్టకుండా లేచి వెళ్లిపోయాడు. రాతిగుండె మనిషి అనుకున్నాడు. ఇంటికొచ్చి భార్యతో, "నువ్వు సెప్పిందే రైటు. దొర కాళ్ల మీద పడిపోతాను," అన్నాడు. అప్పలనర్సమ్మ సింహాద్రి అప్పన్నకు ముడుపు కట్టింది.

గురువారం పదింటికి యార్డు ఆఫీసులో విచారణ మొదలైంది. బల్ల వెనక దొర. పక్కన స్టూలు మీద త్రినాథరావు గారు, చేతిలో కలం, ముందు కాగితాలు. అప్పలస్వామి వైపు తలెత్తి చూడలేదు. ఎవరో ఎరగనివాడిలా కూర్చున్నారు.

ముందు శంకరరావు చెప్పాడు. ఇంగ్లీషులో చెప్పాడు. గొంతు గదిలో గింగురుమంది. తన ఇరవై ఏళ్ల సర్వీసు గురించీ తన జాగ్రత్త గురించీ తన నిజాయితీ గురించీ వాచకంలా చెప్పి, చివర్న, పచ్చజెండా చూశానని ఒక్క ముక్క అన్నాడు. ఆ ముక్క దగ్గర మాత్రం గొంతు కాస్త తగ్గింది. దొర తల ఊపాడు.

తర్వాత ఇంజను మీదున్న సింహాచలం. మీసం లేని మొహానికి చెమటలు పట్టేశాయి. దొర అడిగిన ప్రశ్నను త్రినాథరావు గారు తెలుగు చేశారు. "కాంటావాలా పచ్చజెండా ఊపాడా?"

సింహాచలం కాసేపు కళ్లు మూసుకున్నాడు. "నాను ఇంజను ఎడంపక్క ఉన్నాను దొరా. కాంటా నాకు అగుపడతాది. అప్పలసామి ఈపు అగుపడ్డాది. ఒంగున్నాడు. జెండా అగుపళ్లేదు."

"అయితే జెండా ఊపలేదంటావా?"

"ఊపనేదని అన్ను దొరా. నాకు అగుపళ్లేదని అంతాను."

దొర కనుబొమ్మలు పైకి లేచాయి. కలం కరకరా కదిలింది. అప్పుడు అప్పలస్వామి పేరు పిలిచారు.

అతనికి బల్ల కనిపించలేదు, దొర బూట్లే కనిపించాయి. నల్లగా మెరుస్తున్నాయి. వాటి మీద పడడానికి మోకాళ్లు సిద్ధంగా ఉన్నాయి. దొర ఏదో అడిగాడు. త్రినాథరావు గారి గొంతు పొడిపొడిగా పలికింది. "వ్యాగన్లు ఎందుకు పడ్డాయి?"

అప్పలస్వామి మోకాళ్లు వంగాయి. నోరు తెరుచుకుంది. "తప్..."

అప్పుడు కలం కనిపించింది. సిరాలో ముంచిన పాళీ కాగితానికి బెత్తెడు ఎత్తులో ఆగి వణుకుతోంది. సిరాబొట్టు ఒకటి టప్పున కాగితం మీద పడింది. ఇరవై రెండేళ్లలో కాగితం మీద మరక పడనివ్వని మనిషి త్రినాథరావు గారు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. తను ఇప్పుడు ఏమంటే ఆ పాళీ అదే రాస్తుందని అప్పలస్వామికి తట్టింది. మర్యాదకి అన్నానా, మనసారా ఒప్పుకున్నానా అన్నది దానికి తెలియదు. తప్పే అంటే తప్పే అని రాస్తుంది.

అప్పలస్వామి మోకాళ్లు నిలబెట్టాడు.

"ఎందుకు పడ్డాయో నాకు తెల్దు దొరా. నాను సేసింది సెప్తాను."

పాళీ కాగితాన్ని తాకింది.

"శంకర్రావు బాబు నాలుగు నాలుగు అని కేకేసినారు. నాను జెండా సంకలో ఎట్టుకుని పిడి ఎత్తినాను. పిడి సగంలో ఉండగా ఇంజను కూత ఇన్నాను. బండి వొచ్చీసినాది."

"జెండా ఊపావా?"

"నేదు దొరా."

"శంకరరావు చూశానంటున్నాడు. అబద్ధం చెబుతున్నాడా?"

శంకరరావు నేల చూశాడు. అవునని ఒక్క మాట అంటే మూడు రోజుల కసి తీరిపోయేదే. ఆ మాట అప్పలస్వామి నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆయనకేటి అగుపడ్డాదో నాకు తెల్దు దొరా. నా రెండు సేతులూ పిడి మీదే ఉన్నాయి."

దొర కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "చలో," అన్నాడు. అందర్నీ కాంటా దగ్గరకు నడిపించాడు. కోటు విప్పి త్రినాథరావు గారి చేతికిచ్చి, పిడి తనే పట్టుకున్నాడు. ఒంటిచేత్తో ఎత్తబోయాడు. కదల్లేదు. రెండు చేతులతో సగం దాకా ఎత్తి, ఎర్రబడిన మొహంతో, "ఝండీ!" అని జెండా కోసం చెయ్యి చాచాడు. చెయ్యి వదలగానే పిడి దబ్బున వెనక్కి పడింది. బూటు వెంట్రుకవాసిలో తప్పించుకుంది. మూడుసార్లు చేసి చూశాడు. నాలుగోసారి ఆయాసపడుతూ కోటు అడిగి తీసుకున్నాడు.

"కాంటావాలా ఈరోజు నుంచే డ్యూటీ మీద," అన్నాడు. తర్వాత శంకరరావు వైపు తిరిగి, "నీ విచారణ వచ్చే గురువారం," అన్నాడు.

అప్పలస్వామి ఇంటికి పరిగెత్తాడు. అప్పలనర్సమ్మ ఏడ్చి, నవ్వి, పొయ్యి వెలిగించి, అప్పుడు అడిగింది. "ఇంత మాట ఎవులు నేర్పినారు మావా నీకు?"

అప్పలస్వామి కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. తొమ్మిదేళ్ల ఆదివారాలు ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. ఎంగిలి చెయ్యి కడుక్కుని త్రినాథరావు గారి ఇంటికి వెళ్లి కాళ్లకు దండం పెట్టాడు.

"నన్ను బతికించినారు బాబూ. ఆ ద్వారపాలకుణ్ణి అడ్డమెట్టి..."

"ఏటీ?" త్రినాథరావు గారు ఎగిరిపడ్డారు. "నోరు ముయ్యి! నేను నాటకం సంగతి మాట్లాడాను. సాక్షులకు పాఠాలు చెప్పే గుమాస్తానా నేను? దొర వింటే నా ఉద్యోగం ఊడుతుంది. నాటకమ్మీద గౌరవం లేనివాడివి, ఫో!"

తలుపు మళ్లీ మొహం మీద పడింది. అప్పలస్వామి వెనుదిరిగితే పెరటి దారిలో అచ్చియమ్మ గారు సైగ చేసింది.

"ఆయన మాటలకేం గానీ, విను," అంది గొంతు తగ్గించి. "తొమ్మిదేళ్ల కిందట అమ్మన్న అని గ్యాంగ్‌మన్ ఉండేవాడు. వాడి మీద ఎంక్వైరీ. దొర ఏమడిగినా తప్పే బాబూ, తప్పే బాబూ అన్నాడట మర్యాదకి. ఈయన నేరం ఒప్పుకున్నాడని ఇంగ్లీషులో రాశారు. ఏం రాస్తారు మరి? విన్నదే రాయాలి. అమ్మన్న ఉద్యోగం పోయింది. పెళ్లాం పిల్లలతో కోటా అడవుల్లో దుంగలు మొయ్యడానికి పోయాడు. వెళ్తూ వెళ్తూ ఈయనకి దండం పెట్టి మరీ వెళ్లాడు. ఈయన ఆ పూట ముద్ద ముట్టలేదు. ఆ తర్వాతి ఆదివారమే సుద్దముక్క పట్టుకుని ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లారు."

ఆ మనిషిని రాతిగుండె అనుకున్నందుకు అప్పలస్వామికి సిగ్గేసింది.

ఆదివారం వచ్చింది. వరండా అంతా పండగలా ఉంది. శంకరరావు రాడనే అందరూ అనుకున్నారు. వచ్చాడు. త్రినాథరావు గారే కబురు పెట్టారట. స్తంభం పక్కన దూరంగా నిలబడ్డాడు. ఒక్కరూ జరిగి చాప మీద చోటివ్వలేదు. అవుటర్ సిగ్నల్ దాకా వినిపించే ఆ గొంతు ఒక్కసారి కూడా దగ్గలేదు.

త్రినాథరావు గారు సుద్దతో కోట గీసి, రథం గీసి, కళ్లజోడు ముక్కు చివరికి దించారు.

"తొమ్మిదేళ్లుగా ఈ కేసులో ద్వారపాలకుడి సంగతే విన్నాను. రాజు సంగతి విన్లేదు. తప్పు నాదే. శంఖం ఊదకముందే రథం తోలమన్నాడు సరే. ఎందుకు తోలమన్నాడు? సరదాకా? రాజుకు తొందరేటి? ఎవరైనా తరుముతున్నారా? దీనికి సాక్షి ఎవరు?"

సింహాచలం గోళ్లు చూసుకున్నాడు. శంకరరావు స్తంభాన్ని పట్టుకున్న చెయ్యి బిగుసుకుంది. వచ్చే గురువారం ఆయనకు ఇదే ప్రశ్న పడుతుందని వరండాలో ప్రతివాడికీ అర్థమైంది. అర్థమయ్యే నోరు మూసుకున్నారు.

అప్పలస్వామి లోపల పెద్ద రభసే జరిగింది. ఈ మనిషి వల్ల తన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలగలేదు. చిన్నమ్మి ఆకలితో పడుకుంది. పడనీ, తనకేం? కానీ ఆ సోమవారం పొద్దున తన చెవులు విన్నది విన్నదే.

"నానున్నాను బాబూ," అన్నాడు.

అందరూ తిరిగి చూశారు. శంకరరావు కూడా చూశాడు.

"రాజు గోరికి పొద్దున్నించీ మూడుసార్లు కబురొచ్చినాది బాబూ. మెయిలు... కాదు, పెద్ద రథం ఎనకాల నిలబడిపోనాది, బేగి లైను... బేగి కోట కాళీ సెయ్యమని. మూడోసారి కేకలేసినారు. రాజు గోరు టిపిను కూడా తిన్నేదు. కేరేజీ అలగే ఉండిపోనాది."

"ఆ కేకలు వేసిందెవరు?"

"అది నాను సూళ్లేదు బాబూ. కేకలు మాత్రం ఇన్నాను."

త్రినాథరావు గారు లేచిన వేగానికి కుర్చీ వెనక్కి పడిపోయింది. "ఇదిరా! ఇదిరా వాంగ్మూలమంటే!" అని వరండా అంతా తిరిగారు. పంచె కాలికి చుట్టుకుని పడబోయి, సింహాచలం భుజం పట్టుకుని నిలదొక్కుకున్నారు. యాభై మూడేళ్ల మనిషి బొంగరం గెలిచిన కుర్రాడిలా నవ్వుతూంటే చూసి మిగతావాళ్లూ నవ్వేశారు.

శంకరరావు స్తంభం వదిలి మెల్లగా వచ్చి చాప అంచున కూర్చున్నాడు. అప్పలస్వామి కాస్త జరిగాడు. శంకరరావు గొంతు సవరించుకున్నాడు.

"అప్పలస్వామీ, ఆ రోజు నేను..."

"ఉండండి శంకర్రావు బాబూ," అన్నాడు అప్పలస్వామి. "ఎంక్వైరీ నడస్తన్నాది."